బట్టల గోరి

"గడ్డపార యాడ పెట్టినవే?"

గడపలో అడుగు పెడుతూనే లచ్చయ్య అడిగిన మొదటి మాట అది. రామన్నపేట నుంచి రెండు క్రోసులు నడిచొచ్చిన మనిషి కాళ్లు కడుక్కోలేదు, మంచినీళ్లడగలేదు. ముఖం మాత్రం పెళ్లింటి పెద్ద ముఖంలా వెలిగిపోతోంది.

చాటలో పెద్దల బియ్యం ఏరుతున్న బిక్షమ్మ చేతులు ఆగిపోయాయి. పొద్దున మామ మిలట్రీ క్యాంపుకు పోయొస్తానని తలపాగ చుట్టుకున్నప్పుడే ఆమె గుండెల్లో రాయి పడింది. పెత్రమాస పూట ఎక్కడికీ పోవద్దని అత్త ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు.

"ఇయ్యాల పెద్దలకు బియ్యమిచ్చే రోజు. గడ్డపారెందుకు, బాయి తవ్వుతవా?" అంది గుర్వమ్మ పొయ్యి దగ్గర నుంచి, తల తిప్పకుండానే.

"బాయి గాదే. మైసని గోరి తియ్యాలె."

పొయ్యిలో పుల్ల చిటపటమంది. 

లచ్చయ్య వాళ్ల ముఖాలు చూడనే లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, తలపాగ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సుబేదారు మన తెలుగాయన్నే. ఇశాకపట్నం దిక్కు. బర్మా లడాయికి పోయొచ్చిండట. మైసని కాయితం చేతులవెట్టిన. సదివి, కుర్చీలకెంచి లేశి నిలవడ్డడు. ఇంటున్నవా? నన్ను జూసి, గీ లచ్చయ్యను జూసి, లేశి నిలవడ్డడు!"

"నువ్వేం జేసినవ్?"

"నాకేం తోస్తది? కింద కూసున్న. గాయననే రెక్క పట్టి బెంచీ మీద కూసోవెట్టిండు."

గుర్వమ్మ అప్పుడు తల తిప్పింది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆమె మొగుణ్ని ఎవరూ బెంచీ మీద కూర్చోబెట్టలేదు. దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేత పట్టుకుని పోయిన మనిషి ఆయన. రజాకార్లు పోయి, యూనియన్ మిలట్రీ వచ్చి పదిహేను రోజులే అయింది. అంతలోనే ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. అదీ కొడుకు పేరు చెప్పి.

"మైసడు పోయిన దండులకు ఎవలను వడితె వాళ్లను తీసుకోరట," లచ్చయ్య చెప్పుకుపోతున్నాడు. "వెయ్యి మందిల పది మందిని ఏరుతరట. ఇమానంల తీస్కపోయి జపానోళ్లకు ఎన్క దిక్కు అడివిల దించుతరట. తిరిగొస్తరని ఎవలూ అనుకోరట. మనోడు బాయిలల్ల బండలు పేల్చినోడు గదా, వంతెనలు పేల్చెతందుకు ఏరుకున్నరు అన్నడు. నా ఎంబడి నేర్సుకున్న పనే గదనే! నేను నేర్పిన పనికే ఏరుకున్నరు!"

ఆ చివరి మాట అంటూ ఆయన తన రొమ్ము చరుచుకున్నాడు.

బిక్షమ్మ చాటలోకి చూస్తూ కూర్చుంది. పెనిమిటి సంగతి ఎవరెంత గొప్పగా చెప్పినా ఆమెకు గుర్తొచ్చేది మాత్రం ఆయన చెవులే. తూటాలు పేల్చీ పేల్చీ కుడి చెవి సరిగా వినపడేది కాదు. ఏది చెప్పాలన్నా ఎడమ పక్కకు పోయి చెప్పేది. అలాంటి మనిషిని కూడా ఏరుకున్నారు.

మైసయ్య దండులో రెండేళ్లు పని చేశాక, నలభై నాలుగులో రామన్నపేట టపా ఆఫీసుకు కాగితం వచ్చింది. కనపడకుండా పోయాడనీ, చనిపోయినట్టే భావిస్తున్నామనీ రాసి ఉందని మున్షీ చదివి చెప్పాడు. ఆరు నెలలకు ఒక మూట వచ్చింది. అందులో రెండు ఖాకీ అంగీలు, ఒక తోలు బెల్టు. శవం లేదు, బూడిద లేదు, ఏ ఊళ్లో పోయాడో ఆ పేరు కూడా లేదు. లచ్చయ్య ఆ బట్టలనే తెల్లగుడ్డలో చుట్టి, మూత బిగించిన కుండలో పెట్టి, తన రెండెకరాల చెలక మూలన గుంట తీసి పాతిపెట్టాడు. పైన మట్టిదిమ్మె కట్టి సున్నం వేశాడు. ఊరు దానికి బట్టల గోరి అని పేరు పెట్టింది.

ఊరికేం, నోరుంది. గడీలో జీతముండే కాటమయ్య నిరుడు పెత్రమాస నాడు పదిమందిలో అడగనే అడిగాడు: "ఏం లచ్చిగా, నీ కొడుకును యాడనో నక్కలు పీక్కతిన్నయి. ఈడ అంగీకి అన్నం వెడ్తున్నవా?" లచ్చయ్య ఆ తర్వాత ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన పొద్దున లేవగానే ముందు గోరి దగ్గరికి పోయి దండం పెట్టుకుని, ఆ తర్వాతే పనికి పోతున్నాడు.

"పొద్దు వాలెటాల్లకు సుబేదారొస్తడు," అన్నాడు లచ్చయ్య. "ఎనిమిది మంది జవాన్లను తోలుకొని వస్తడు. గోరిల నుంచి అంగీలు దీశి, రామన్నపేట తొవ్వ పక్కకు గద్దె కట్టి అండ్ల పెడ్తరట. మీద పేరు చెక్కిన రాయి. ఎనిమిది మంది వరుసగ నిలవడి సలాం గొడ్తరట. మైసనికి! కాటమయ్య గాడు రోజు గా తొవ్వలనే పోవాలె గదా, సూస్కుంట పోతడు."

"పాతివెట్టినదాన్ని తియ్యొద్దు," అంది గుర్వమ్మ.

"ఏందీ?"

"పాతివెట్టినదాన్ని మల్ల తీస్తరా ఎవలన్న? ఉన్నకాడ ఉండనీ. సలాం గొట్టాల్నంటె ఆడ్నే గొట్టుమను."

"నీకు తెలివున్నదా లేదా? సర్కారోళ్లు వస్తమంటె ఒద్దంటవా?"

"ఒద్దనే అంట."

"ఎందుకొద్దు?"

గుర్వమ్మ పొయ్యిలోని కట్టెను లోపలికి తోసింది. అది తోయాల్సిన పని లేదు, మంట బాగానే ఉంది.

"నువ్వు తల్లివేనా?" లచ్చయ్య లేచి నిలబడ్డాడు. "నాలుగేండ్ల సంది ఆని మన్ను గూడ మనకు దొరకలేదని ఏడ్సినవ్. గిప్పుడు ఆని పేరు రాయి మీద చెక్కుతరంటె మూతి ముడుస్తున్నవ్. చిన్నోడు అడివివట్టుక తిరుగుతుంటె ఆనికి గంజి మోసుడే నీకు ముచ్చట. పెద్దోడు సచ్చి గూడ నీ కండ్లకు ఆనడు."

"ఐలేశం ఊసు గిప్పుడెందుకు?"

"ఎందుకేంది? రజాకార్లున్నన్నాళ్లు కొట్లాడిండు, మంచిగనే ఉన్నది. గిప్పుడు ఎవలతోని కొట్లాట? మిలట్రీ వచ్చె. తుపాకులు తెచ్చి ఒప్పజెప్పుండ్రని దండోరేస్తున్నరు. దాసుకున్నోడు దొరికితె ఆడ్నే కాలుస్తరట. నీ కొడుక్కు చెప్పు."

గడ్డపార దొడ్లోనే ఉంది. లచ్చయ్య దాన్ని తనే వెతుక్కుని భుజాన వేసుకున్నాడు. రెండో చేత్తో సున్నం కుండ పట్టుకున్నాడు. సుబేదారు వచ్చేసరికి గోరి తెల్లగా ఉండాలని ఆయన తాపత్రయం. తవ్వబోయే గోరికి సున్నమెందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆయన పోయాక బిక్షమ్మ మళ్లీ చాట అందుకుంది. వాడలో ఆడపిల్లలు తంగేడు పూల కోసం చెలకల్లోకి పోతూ కేకలేసుకుంటున్నారు. రజాకార్ల భయానికి నిరుడు బతుకమ్మ పేర్చనే లేదు. ఈసారి రెండేళ్ల పూలూ ఒక్కనాడే తెంపేటట్టున్నారు.

"అత్తా," అంది బిక్షమ్మ. "నీకొక మాట చెప్పాలె."

"చెప్పకు."

"చెప్పకుంటె ఎట్ల? గోరిల..."

"తుపాకులున్నయి," అంది గుర్వమ్మ. "నాకెర్క."

బిక్షమ్మ చేతిలోని చాట జారి కింద పడింది. ఏరిన బియ్యం, ఏరని బియ్యం కలిసిపోయాయి.

ఆషాఢంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఊరంతా ఇళ్లలో ముడుచుకుని ఉన్నప్పుడు, మరిది ఐలేశం మూడు తుపాకులు గోనెలో చుట్టుకుని చెలకకు వచ్చాడు. తమ దళం వాగు దాటి పోతోందనీ, ఇవి మోసుకుపోయే వీలు లేదనీ చెప్పాడు. గోరి కంటే భద్రమైన జాగా లేదన్నాడు. "అన్ననే కావలుంటడు వదినా," అన్నాడు. బిక్షమ్మ కలుపు తీస్తున్నట్టు వంగి, దారివైపు కన్నేసి ఉంచింది. వాడు తవ్వాడు, పెట్టాడు, పూడ్చాడు. ఆమె మళ్లీ మట్టి మెత్తి, వానకు గోరి కరిగిందని మామకు చెప్పి, ముసురు తగ్గాక సున్నం వేసింది. ఈ మూడు నెలల్లో ఆ సంగతి తలచుకోని రోజు లేదు. అత్తకు తెలియకుండా దాస్తున్నానని ఎంత కుమిలిపోయిందో ఆమెకే తెలుసు.

"ఎట్ల తెలిసింది అత్తా?"

"శ్రావణంల వాగు అవతల ఐలేశానికి సద్ది ఇయ్యవోయిన. తుప్పలకెంచి ఖాకీ అంగేసుకొని లేశిండు." గుర్వమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మైసడే అనుకున్న బిడ్డా. సద్ది ఆడ్నే పారేసి ఉరికిన. దగ్గరికి పోయినంక... సిన్నోడు. భుజాన తుపాకి గూడ లేదు. గా అంగీ యాడ్నుంచొచ్చిందో అడగలే. అడిగితె వాడు చెప్తడు. చెప్తె నాకు తెలుస్తది. అందుకనే అడగలే."

"గా అంగీలు నేనే ఇచ్చిన. గోరి తీసినప్పుడు నా చేతులకిచ్చిండు. పెయి మీద సరింగ బట్ట లేదు ఆనికి. వానల తడుసుకుంట ఉన్నడు. ఏసుకోమన్న."

గుర్వమ్మ కోడలి వంక చూసింది. తిడుతుందేమోనని బిక్షమ్మ ఎదురుచూసింది. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది, కొంచెం బరువు తగ్గేది.

"పోయి తీద్దామా అత్తా? ఇంక పొద్దున్నది."

"యాడ తీస్తవ్? చెలక నిండ తంగేడు తెంపెటోళ్లే. గోరి సుట్టు గునుగువూలు గూడ మస్తు పూసినయి. ఊరి ఆడోళ్లంత ఆడ్నే ఉన్నరు." గుర్వమ్మ లేచి పొయ్యి ఆర్పేసింది. "ఆయనకు చెప్పు. నేను జెప్తె కొట్లాటైతది. నువ్వు జెప్తె ఇంటడు."

"నేనా? నేను చెప్పలేను."

"నువ్వే చెప్పాలె. అంగీలు ఇచ్చినదానివి నువ్వే గదా."

అది ఎత్తిపొడుపు కాదు. అయినా బిక్షమ్మకు గుచ్చుకుంది.

చెలక చేరేసరికి లచ్చయ్య సున్నం సగం పూర్తి చేశాడు. ఈతకొమ్మ నలగ్గొట్టి చేసిన కుంచెతో, దిమ్మె అంచుల దగ్గర జాగ్రత్తగా పూస్తున్నాడు. చుట్టూ పిల్లల కేకలు, తెంపిన తంగేడు వాసన.

"వచ్చినవా? మంచిగైంది," అన్నాడు ఆమెను చూసి. "రాయి మీద ఏం రాయమందాం బిడ్డా? ఒట్టిగ మైసయ్య అంటె సాలదు. లచ్చయ్య కొడుకు అని గూడ ఉండాలె. బిక్షమ్మ పెనిమిటి అని రాస్తరో రాయరో."

"మామా, గోరి తియ్యొద్దు."

"మీ అత్త తోలిందా నిన్ను?"

"గోరిల మైసయ్య బట్టలు లేవు."

కుంచె ఆగలేదు. "ఏమన్నవ్?"

దగ్గరగా వచ్చి, పిల్లలకు వినపడకుండా, ఆయన పక్కన గొంతుక్కూర్చుని ఆమె చెప్పింది. మూడు తుపాకులని చెప్పింది. ఐలేశం తెచ్చాడని చెప్పింది. తాను కాపలా ఉన్నానని చెప్పింది. అంతసేపూ లచ్చయ్య సున్నం పూస్తూనే ఉన్నాడు. కుంచె ఎండిపోయి మట్టిని గీకుతున్నా పూస్తూనే ఉన్నాడు.

"బట్టలేవి?"

"ఐలేశం ఏసుకున్నడు."

"ఎవలియ్యమన్నరు?"

"నేనే ఇచ్చిన."

లచ్చయ్య కుంచె కింద పెట్టాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని గోరి వైపు చూశాడు.

"అంటె ఆషాఢం సంది," అన్నాడు మెల్లగా, "పొద్దుగాల లేశి నేను తుపాకులకు దండం వెడ్తున్ననా?"

బిక్షమ్మకు ఏడుపొచ్చింది. కానీ పిల్లలు చూస్తున్నారు. పెదవి కొరుక్కుని నేల వైపు చూసింది.

"కాటమయ్య అంగీకన్నడు. అంగీ గూడ లేకపాయె. మీరు ముగ్గురు మాట్లాడుకున్నరు. నాకు చెప్పాల్నని ఒక్కలకు తోచలే."

"అత్తకు నేను చెప్పలే మామా. ఆమెకామెనే..."

"ఊకో."

ఆయన మళ్లీ కుంచె అందుకుని, పూయకుండానే కింద పెట్టాడు. "నేను సుబేదారుకు చెప్త. ఉన్నదున్నట్టు చెప్త. మంచోడు. లేశి నిలవడ్డడు నాకు."

"మంచోడే. చెప్తె తుపాకులు తీస్కపోతడు. ఎవలు వెట్టిండ్రని అడుగుతడు. మనల నొక్కి అడిగితె ఐలేశం యాడున్నడో అత్త చెప్పకుండ ఉంటదా? నిన్ను కొడ్తమంటె ఓర్వదు, వాళ్లు కొట్టకముందే చెప్తది."

"వాన్నెవలు చెయ్యమన్నరు గీ పని? అన్న గోరి తప్ప జాగ దొరకలేదా వానికి?"

"తప్పే మామా. నాది గూడ తప్పే. కని ఒక్కడు పోయిండు."

ఆ మాటకు లచ్చయ్య తలెత్తాడు.   ఉన్నది ఇద్దరు కొడుకులు. ఒకడికి మిగిలింది పేరు, ఇంకొకడికి మిగిలింది ప్రాణం. ఈ పొద్దు రెండూ నిలిచే దారి కనిపించడం లేదు.

రామన్నపేట బాటలో ఖాకీలు కనిపించాయి.

సుబేదారు ముందు నడుస్తున్నాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. కుడి చేతిలో పెద్ద బంతిపూల దండ ఉంది. వెనక ఎనిమిది మంది జవాన్లు. చెలకలోని ఆడపిల్లలు పూలు తెంపడం మానేసి ఒకచోట గుమిగూడారు.

"ఈ అమ్మాయేనా మీ కోడలు?" అంటూ సుబేదారు బిక్షమ్మకు నమస్కారం పెట్టాడు. అంతవరకు ఆమెకు నమస్కారం పెట్టినవాడు లేడు. చేతులు ఎట్లా జోడించాలో కూడా ఆమెకు ఒక్కక్షణం తోచలేదు.

"అమ్మా, నేనూ బర్మాలో ఉన్నాను," అన్నాడు ఆయన. "మేం వేలమందిమి కలిసి, వెనక తిండి బండ్లు వస్తుంటే ముందుకు నడిచినవాళ్లం. మీ ఆయన లాంటివాళ్లు శత్రువు నడుమ దిగినవాళ్లు. దెబ్బ తగిలితే మోసుకెళ్లే దిక్కు కూడా ఉండేది కాదు. వాళ్లు పేల్చిన వంతెనల వల్ల మాలో ఎందరు బతికారో లెక్క లేదు. అందులో నేనూ ఉన్నానేమో. ఇంత దగ్గర్లో ఆయన ఇల్లు ఉందని తెలిశాక రాకుండా ఎలా ఉండను?"

దండను గోరి మీద పెట్టాడు. జవాన్లు వరుసగా నిలబడ్డారు. సుబేదారు టోపీ సర్దుకుని, నేల మీది గడ్డపారను తనే తీసి రెండు చేతులా లచ్చయ్యకు అందించాడు.

"పెద్దాయనా, మొదటి పోటు మీరు వెయ్యండి. పాతిపెట్టిన చెయ్యే తియ్యాలి."

లచ్చయ్య గడ్డపార అందుకున్నాడు. నలభై ఏళ్లు దాన్ని పట్టిన చేతులు అవి. గట్టిగా పట్టుకున్నాడు గానీ ఎత్తలేదు. ఎనిమిది మంది జవాన్లు చూస్తున్నారు. ఆడపిల్లలు చూస్తున్నారు. గట్టు మీద కాటమయ్య ఎప్పుడొచ్చాడో, కర్రకు గడ్డం ఆనించి అతనూ చూస్తున్నాడు. నాలుగేళ్లుగా ఎవరు చూడాలని ఆయన కోరుకున్నాడో వాళ్లంతా అక్కడే ఉన్నారు.

"అయ్యా," అన్నాడు లచ్చయ్య. "దీంట్ల ఏం లేదు."

"ఏం లేకపోవడమేమిటి?"

"ఉత్త మన్ను. నేను అబద్ధం జెప్పిన."

సుబేదారు ముఖంలో ముందు అర్థంకాని నవ్వు కనిపించింది. "పొద్దున అంగీలు పెట్టానన్నారు కదా?"

"లేవు. నా కొడుకు సావలే అయ్యా." గడ్డపార మీద ఆయన వేళ్లు తెల్లబడ్డాయి. "పారిపోయిండు. జపానోళ్లను జూసి భయపడి, దండు ఇడిసిపెట్టి పారిపోయిండు. కాయితంల కనవడలేదనే గదా రాసిండ్రు? సచ్చింది సూసినమని రాసిండ్రా? ఊర్ల తలకాయ ఎత్తుకోలేక నేను గీ గోరి కట్టిన."

 గట్టు మీద కాటమయ్య గడ్డాన్ని కర్ర మీంచి ఎత్తాడు.

"మీకెవరు చెప్పారు, పారిపోయాడని?"

"ఆని ఎంబడి పోయినోడొకడు వచ్చి చెప్పిండు."

సుబేదారు బిక్షమ్మ వైపు తిరిగాడు. అంతకుముందున్న మెత్తదనం ఆ చూపులో లేదు. "నిజమేనా?"

మామ అన్న మాట అబద్ధమని ఆమెకు తెలుసు. ఎందుకన్నాడో కూడా తెలుసు. అయినా ఆ మాట చెవిన పడగానే ఒళ్లు ఝల్లుమంది. ఎందుకంటే నాలుగేళ్లుగా ఆమె ఎవరికీ చెప్పకుండా మొక్కుకున్నది అదే. ఆయన భయపడి ఉంటే బాగుండునని, ఎక్కడో అడవి దాటి ఏ ఊళ్లోనో కూలి చేసుకుంటూ, ఎడమ చెవితో ఎవరి మాటో వింటూ బతికి ఉంటే బాగుండునని. వీరుడు కాకపోయినా ఫరవాలేదని.

"పారిపోయిండు," అంది బిక్షమ్మ. మాట ఎక్కడా తడబడలేదు.

సుబేదారు ఆమె బోసి చేతుల వైపు చూశాడు. "మరి చేతులకు గాజుల్లేవేం?"

లచ్చయ్య కళ్లు మూసుకున్నాడు. 

"పారిపోయినోని పేరు మీద గాజులేసుకొమ్మంటవా అయ్యా?" అంది ఆమె. "సిగ్గుకు నేనే పగులగొట్టుకున్న. సచ్చిండని చెప్పుకుంటె నలుగురు మర్యాదిస్తరు. పారిపోయిండంటె ఎవలిస్తరు?"

సుబేదారు వంగి, గోరి మీది బంతిదండ తీసుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"అంత దూరంలో చచ్చినవాళ్ల పేర్లు ఉండే పుస్తకం ఒకటి ఉంటుంది పెద్దాయనా. మీ అబ్బాయి పేరు అందులో ఉంది. నేనిప్పుడు పైకి రాయాలి. ఆ పేరు అక్కడ ఉండకూడదు." గొంతు కటువుగా ఉంది గానీ, ఆయన బాధపడుతున్నాడని బిక్షమ్మకు తెలుస్తూనే ఉంది. "నన్ను పొద్దున లేపి నిలబెట్టకుండా ఉండాల్సింది."

జవాన్లు వెనక్కి తిరిగారు. చివరివాడు పోతూ పోతూ ఆగి, సున్నం తడి ఆరని గోరి మీద ఉమ్మేసి పోయాడు.

లచ్చయ్య చూశాడు. గడ్డపార ఆయన చేతిలోనే ఉంది. అడుగు కదిపాడు. బిక్షమ్మ గడ్డపార పట్టుకుని ఆపింది. మామాకోడళ్లు ఇద్దరూ దాన్ని అట్లా చెరోవైపు పట్టుకునే నిలబడ్డారు, ఖాకీలు బాట మలుపు దాటేదాకా.

కాటమయ్య ఎప్పుడు పోయాడో పోయాడు. అతని కాళ్లకంటే ముందు మాట ఊళ్లోకి పోయి ఉంటుంది. పిల్లలు కూడా తెంపిన పూలు ఎత్తుకుని, ఈ ఇద్దరికీ దూరంగా జరిగి, మరో గట్టు మీదుగా వెళ్లిపోయారు. పొద్దుగూకితే బతుకమ్మ ఆడే చోట ఈ ముచ్చట తప్ప వేరేది ఉండదు.

లచ్చయ్య భుజం మీది కండువాతో గోరిని తుడిచాడు. సున్నం ఊడి వచ్చింది. ఊడిన చోట మళ్లీ మళ్లీ తుడిచాడు.

"నన్ను తిట్టు మామా," అంది బిక్షమ్మ. "సంపినా సంపు. కని గట్ల ఉండకు."

ఆయన తిట్టలేదు. తుడుస్తున్నవాడు ఆగి, ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు చూశాడు.

"నేను గా మాట అనెతందుకు నా పానం పోయినంత పనైంది," అన్నాడు. "నోట్లకెంచి రాలే. గుంజి తీసిన. నువ్వు జర్ర గూడ తడుముకోలే."

"ఐలేశం కోసమే గదా మామా."

"కాదు. గట్ల రాదు. ఎంత అబద్ధమైనా ఆడమనిషికి పెనిమిటి మీద గట్ల రాదు." ఆయన దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించాడు. చెలకలో ఇంకెవరూ లేకపోయినా చుట్టూ చూశాడు. "నీకేమన్న కబురొచ్చిందా బిడ్డా?"

"ఏం కబురు?"

"మైసడు బతికున్నడా?"

బిక్షమ్మ లేదని చెప్పడానికి నోరు తెరిచింది. మామ ముఖంలో కోపం లేదు, అవమానం లేదు. పొద్దున కూడా లేని వెలుగు ఒకటి అక్కడ కనిపిస్తోంది. ఆ ముసలాయన సున్నపు చేతులతో ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చెప్పు బిడ్డా. యాడున్నడో చెప్పు. నేనెవలకు చెప్ప."